నిమ్మసోడా అనుకున్నారట!

వైన్‌లకి కూడా పేర్లుంటాయని మార్టిన్‌కి అంతవరకూ తెలియదు. వంటింట్లో కొత్తగా దిగిన సీసాల్లో ఒకదాన్ని పట్టుకుని, కొంపదీసి ఇది వైన్ కాదు కదా అని భయంభయంగా అడుగుతుంది. వంటమనిషి బాబెట్ నొచ్చుకుంటుంది. వైనేమిటి, ఇది ఫలానా తోటది, ఫలానా ఏటిది, పారిస్‌లో ఫలానా వీధిలో ఫలానా ఆయన కొట్టునుంచి వచ్చింది అని జవాబిస్తుంది. నూజివీడు వాళ్ళని "ఇది మామిడిపండాండీ?" అని అడిగి చూడండి. "పండేమిటండీ, చిన్నరసం!" అంటారు చూడండి, అదే గొంతు.

'బాబెట్స్ ఫీస్ట్' అనే కథలోది ఈ ముచ్చట. రాసినావిడ డెన్మార్క్ దేశస్థురాలు కారెన్ బ్లిక్సెన్. ఇసాక్ డినెసెన్ అని మగపేరు పెట్టుకుని రాసేది. ఈ కథ మొదట అచ్చయింది 1950లో, అమెరికాలో, 'లేడీస్ హోమ్ జర్నల్' అనే పత్రికలో. అంటే మీరూ నేనూ వంటయ్యాక నడుం వాలుస్తూ చదివే బాపతు పత్రికన్నమాట. 1958లో పుస్తకంలోకెక్కింది. 1987లో గేబ్రియల్ ఆక్సెల్ సినిమాగా తీశాడు. ఆ ఏటి పరభాషా చిత్రాల ఆస్కార్ దానికే వచ్చింది. అప్పటినుంచీ దీని గురించి రాసినవాళ్ళంతా ప్రేమ, త్యాగం, దైవకృప అని రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ విందులో ఒక్క సీసా మీదే దృష్టి నిలిచిపోయింది. అది 1860 నాటి షాంపేన్ సీసా. కథలో దాన్ని తెరిచేది 1883లో. ఇరవై మూడేళ్ళు మాగిన సరుకు.

నేను షాంపేన్ తాగను. తాగనిదాని మీద విమర్శేమిటమ్మా అంటారేమో! కత్తి పట్టనివాళ్ళు భారతయుద్ధం మీద వ్యాఖ్యానాలు రాయడం లేదూ?

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నార్వేలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. (సినిమాలో దీన్ని డెన్మార్క్‌కి మార్చారు.) ఒక మతగురువు, ఆయనకి ఇద్దరు కూతుళ్ళు, మార్టిన్, ఫిలిప్పా. ఇద్దరూ పెళ్ళిళ్ళు మానుకుని, తండ్రి పోయాక ఆయన భక్తబృందాన్ని కనిపెట్టుకుని ఉంటారు. ఉప్పుచేప, రొట్టె నానేసి కాచిన జావ, ఇదే వాళ్ళ తిండి. రుచి అన్నది పాపం. 1871లో పారిస్‌లో తిరుగుబాటు అణిచేసినప్పుడు భర్తనీ కొడుకునీ పోగొట్టుకుని, ప్రాణం దక్కించుకుని బాబెట్ ఈ ఇంటికి చేరుతుంది. పన్నెండేళ్ళు జీతం లేకుండా ఆ జావే కాస్తుంది. ఒకరోజు ఫ్రాన్సులో లాటరీలో పదివేల ఫ్రాంకులు తగులుతాయి. మతగురువు నూరవ పుట్టినరోజుకి ఒక్క పూట ఫ్రెంచి భోజనం నా ఖర్చుతో పెడతానంటుంది. అక్కచెల్లెళ్ళు సరే అంటారు కానీ, సముద్రం మీంచి దిగిన బతికున్న తాబేలునీ, ఈ సీసాలనీ చూసి హడలిపోతారు. ఇది దయ్యాల విందే అనుకుని, భక్తులంతా కలిసి ఒట్టు పెట్టుకుంటారు: ఏం పెట్టినా తింటాం గాని తిండి గురించి నోట ఒక్క మాట రానివ్వం, అని.

ఒక్కడికి మాత్రం ఈ ఒట్టు సంగతి తెలియదు. ఆయన జనరల్ లోవెన్‌హీల్మ్. కుర్రతనంలో మార్టిన్‌ని మనసులో పెట్టుకుని, చెప్పలేక వెళ్ళిపోయినవాడు. పారిస్‌లో కొన్నాళ్ళు ఉన్నవాడు. ముసలి మేనత్తని వెంటబెట్టుకుని విందుకొస్తాడు. గ్లాసులో షాంపేన్ పోస్తారు. ఒక్క గుక్క తాగి తుళ్ళిపడతాడు. ఇది వవ్ క్లికో, 1860ది కదూ అని పక్కాయన్ని అడుగుతాడు. పక్కాయన ఎంతో ఆప్యాయంగా నవ్వి, వాతావరణం గురించి ఏదో అంటాడు!

ఇక మిగతా భక్తులున్నారే, వాళ్ళకి మరో ధీమా. వైన్‌లో బుడగలుండవు కదా, దీంట్లో ఉన్నాయి, కనక ఇది వైన్ కాదు, ఏదో నిమ్మరసం కలిపిన పానీయం అనుకుంటారు. మన భాషలో నిమ్మసోడా. హాయిగా తాగుతారు. తాగినకొద్దీ నేలమీంచి కాస్త పైకి లేచినట్టు ఉంటుంది వాళ్ళకి.

ఈ చోట అందరూ నవ్వుతారు. పాపం పల్లెటూరి ముసలమ్మలు, అంత ఖరీదైన సరుకుని పట్టుకుని నిమ్మసోడా అనుకున్నారే అని. సినిమా చూసినప్పుడు నేనూ నవ్వాను. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే వాళ్ళ నాలుకలు అబద్ధం చెప్పలేదనిపించింది.

2010లో బాల్టిక్ సముద్రంలో, ఫిన్లాండుకి చెందిన ఆలండ్ దీవుల దగ్గర, సుమారు యాభై మీటర్ల లోతున మునిగిపోయిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. నూట డెబ్బై ఏళ్ళ నాటివి. వాటిలో వవ్ క్లికో సీసాలు కూడా ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వాటిని పరీక్ష చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకి 150 గ్రాముల దాకా చక్కెర ఉందట! ఇప్పుడు బ్రూట్ అనే రకంలో లీటరుకి పన్నెండు గ్రాములకి మించకూడదు. రష్యా వాళ్ళకి అదీ చాలేది కాదట, మూడువందల గ్రాములు పోసి పంపేవారు. ఉత్తరదేశాల వాళ్ళకి ఆ రోజుల్లో షాంపేన్ అంటే పానకమే. 1860 సీసా కూడా తియ్యగానే ఉండి ఉండాలి. తీపి, చిన్న పులుపు, బుడగలు. ఇంకేం, నిమ్మసోడా కాక మరేమిటి? వాళ్ళకి తెలియనిది రుచి కాదు, ఆ సీసా మీది అంకె.

ఆ అంకె కథేమిటో కొంచెం చూద్దాం. మామూలు షాంపేన్‌కి ఏడు వెయ్యరు. నాలుగైదేళ్ళ పంటల్ని కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేటట్టు చేస్తారు. పంట బాగా కుదిరిన ఏడు మాత్రం ఆ ఒక్క ఏటి రసంతోనే చేసి, సీసామీద ఆ ఏడు అచ్చువేస్తారు. దాన్ని కనీసం మూడేళ్ళయినా నేలమాళిగలో పెట్టాకే అమ్మాలని చట్టం. పేరున్న సంస్థలు ఇంకా ఎక్కువే ఉంచుతాయి. రాంస్, ఎపెర్నే ఊళ్ళ కింద సుద్దరాతిలో తవ్విన మాళిగలున్నాయి. రాంస్‌లో కొన్ని రోమన్ల కాలంలో రాయి తవ్వగా మిగిలిన గోతులే. ఎండాకాలమైనా, చలికాలమైనా పది పన్నెండు డిగ్రీల చల్లదనం. వెలుతురు తగలదు. కదలిక ఉండదు.

షాంపేన్ పులియడం రెండు దఫాలు. రెండోది సీసాలోనే జరుగుతుంది. పులిపించే ఈస్టు పని ముగించుకుని అక్కడే చచ్చి మడ్డిగా అడుగున పడుతుంది. ఆ పుట్టిన వాయువు బయటికి పోలేక రసంలోనే కరిగిపోతుంది. సీసాలో ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతల పైమాటే. ఆ మడ్డిని పారబొయ్యకుండా దానిమీదే ఏళ్ళ తరబడి ఉంచితే, మడ్డి మెల్లిగా విచ్చి రసంలోకి దిగుతుంది. కొత్తలో ఆపిల్, నిమ్మ వాసన కొట్టే పానీయం క్రమంగా కాల్చిన రొట్టె, వేయించిన బాదం, తేనె, అడవి పుట్టగొడుగు వాసనల్లోకి తిరుగుతుంది. లేత గడ్డిరంగు ముదిరి బంగారపు చాయ అవుతుంది. బిరడా ఎంత బిగించినా వాయువు కొంచెం కొంచెంగా జారిపోతూనే ఉంటుంది కనక, బుడగలు ఉరకడం మాని, తీరిగ్గా ఒక్కొక్కటే లేస్తాయి. ఇరవై ఏళ్ళకి మంచిది. నలభై ఏళ్ళకి అదృష్టం. ఆపైన సీసా సీసాకీ వేరే జాతకం. ఒకే మాళిగలో, ఒకే ఏటివి, పక్కపక్కన పడుకున్న రెండు సీసాల్లో ఒకటి అమృతం, ఒకటి పులిసిన నీళ్ళు కావచ్చు. మాగాయ జాడీలు పెట్టినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

సముద్రంలో దొరికిన ఆ సీసాల్ని కూడా రుచి చూశారు. తియ్యగానే జంతువుల కంపు, తడిసిన జుట్టు కంపు అని రాశారు. గ్లాసులో కాసేపు తిప్పి గాలి తగలనిస్తే మసాలా, పొగ, తోలు వాసనలు తేలాయట. నూట డెబ్బై ఏళ్ళు మూసిపెట్టినదానికి ఆమాత్రం విసుగు ఉండదూ!

ఇక పేరు సంగతి. 'వవ్' అంటే ఫ్రెంచిలో వితంతువు. బార్బ్ నికోల్ అనే ఆవిడ 1805లో, ఇరవై ఏడేళ్ళకి భర్తని పోగొట్టుకుంది. అప్పటి ఫ్రెంచి చట్టం ప్రకారం భర్త ఉన్న ఆడది ఆయన అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. భర్త పోతే చెయ్యొచ్చు! మామగారి చేత పెట్టుబడి పెట్టించి ఆవిడ నిలదొక్కుకుంది. సీసాలోని మడ్డిని మెడలోకి దింపి తీసెయ్యడానికి, సీసాల్ని తలకిందులుగా నిలిపే చిల్లుల బల్ల 1816 ప్రాంతంలో ఆవిడ మాళిగలోనే పుట్టింది. మొట్టమొదటి బల్ల వంటింటి బల్లే అని చెప్పుకుంటారు. 1866లో, ఎనభై ఎనిమిదేళ్ళకి పోయింది. అంటే ఆ 1860 పంట సీసాల్లోకెక్కే నాటికి ఆవిడ బతికే ఉంది. మన దగ్గర శుభకార్యానికి బయల్దేరితే వితంతువు ఎదురు రాకూడదంటారు. అక్కడ పెళ్ళిపందిట్లో వితంతువు పేరున్న సీసానే ముందు తెరుస్తారు.

అందులోనూ ఈ కథలో దాన్ని తెప్పించింది ఒక వితంతువు. డినెసెన్ కావాలనే చేసిందని నా నమ్మకం. షాంపేన్ సంగతి ఆవిడకి మరొకరు చెప్పనక్కర్లేదు. 1959లో అమెరికా వెళ్ళినప్పుడు, జబ్బుతో పుల్లలా అయిపోయి కూడా ఆవిడ తీసుకునేది ఆల్చిప్పలు, ద్రాక్షపళ్ళు, షాంపేన్. ఆ ప్రయాణంలోనే ఒక విందులో మార్లిన్ మన్రోతో కలిసి కూర్చుంది.

మరి 1860 ఎందుకు? ఆలోచిస్తే గుండె కలుక్కుమంటుంది. 1871కి పదకొండేళ్ళ ముందు. భర్త ఉన్నాడు. కొడుకు ఇంకా పిల్లవాడై ఉంటాడు. బాబెట్ ఆ తరవాత వంటశాల ఏలిన 'కఫే ఆంగ్లే' పారిస్‌లో వెలిగిపోతోంది. తనదన్నది ఏదీ ఇంకా పోని ఏడు. జనరల్‌కి అది గొప్ప షాంపేన్. ఆవిడకి అది తన ఏడు. పాతకాలపు షాంపేన్ సేకరించేవాళ్ళలో నిజమైనవాళ్ళు కొనేది దీన్నే అనుకుంటాను. 1914 పంటని చూడండి. ఫిరంగులు మోగుతుంటే, మగవాళ్ళంతా యుద్ధంలో ఉంటే, ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ పిల్లలూ వెళ్ళి ద్రాక్ష కోసుకొచ్చారు. ఆ సీసా విప్పినవాడు ఊరికే గుక్కెడు రసమా తాగేది?

సేకరించే అలవాటు మీద నాకు కోపం లేదు. ఎవరో ఒకరు ఇరవై మూడేళ్ళు ఓపిగ్గా చీకట్లో పడుకోబెట్టి ఉంచబట్టే కదా, బాబెట్ అడిగినప్పుడు ఆ సీసా దొరికింది! మేడమ్ బొలాంజే అనే మరో వితంతువు 1952 పంటని మడ్డి మీదే ఉంచి ఉంచి, 1967లో మడ్డి తీయించి, 'ఈమధ్యనే మడ్డి తీసినది' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది. ఆగడం తెలిసిన చేతులవి.

నాకు కిట్టనిది ఇంకో రకం సేకరణ. ఆలండ్ దీవుల సీసాల్లో ఒక వవ్ క్లికోని 2011లో వేలం వేస్తే ముప్ఫై వేల యూరోలు పలికింది. 2021 డిసెంబరులో లండన్ క్రిస్టీస్‌లో 1874 నాటి పెరియే జువే సీసా ఒకటి 42,875 పౌన్లకి పోయింది. కొన్నవాళ్ళు తాగారేమో, నిండు నూరేళ్ళూ తాగాలనే కోరుకుంటాను. కానీ ఈ ధరల దగ్గరికి వచ్చేసరికి సీసా చేతులు మారుతుందే గాని బిరడా కదలదు. మా ఇంట్లో ఒక పట్టుచీర ఉండేది. మంచి రోజుకని బీరువాలోనే ఉంచి ఉంచి, తీరా విప్పితే మడతమడతకీ చీలిపోయింది. దాన్ని కట్టుకున్నవాళ్ళు లేరు. దాచినవాళ్ళు మాత్రం ముగ్గురు.

ఇప్పుడు అసలు తగువుకొస్తాను. పన్నెండుమంది భోజనానికి పదివేల ఫ్రాంకులూ ఖర్చుపెట్టేసింది బాబెట్. చిల్లిగవ్వ మిగల్లేదు. నెల నెలా పాలవాడికీ చాకలికీ లెక్క చూసుకునే మనకి ఇది చదివితే కడుపు మండిపోతుంది. అక్కచెల్లెళ్ళు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుని, మాకోసం ఇంత పని చేశావా అంటారు. ఈ చోట డినెసెన్ రాసిన జవాబు చురుక్కుమంటుంది. మీకోసమా, కాదు, నాకోసం, అంటుంది బాబెట్. సినిమాలో ఇది మెత్తబడింది. మీకోసం ఒక్కటే కాదు, అన్నట్టుగా మార్చారు. ఎంత చిన్న మార్పో, ఎంత పెద్ద తేడానో చూశారా? సినిమా బాబెట్ త్యాగమూర్తి. ఆవిడకి దండం పెట్టి ఊరుకోవచ్చు. కథలో బాబెట్ అహంకారం గల కళాకారిణి, ఆవిడతో తంటా ఉంది. ఆక్సెల్ సినిమా అందమైనదే. స్టెఫాన్ ఓడ్రాన్ మొహం మరిచిపోవడం కష్టం. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం దర్శకుడు జడిశాడని నా అభియోగం. ఆడది అంత డబ్బూ తనకోసం, తన విద్యకోసం తగలేసిందంటే ప్రేక్షకులు క్షమించరనుకున్నాడు కాబోలు.

తనకోసం అంటే ఏమిటో కూడా కథలో ఉంది. పారిస్‌లో ఆవిడ వంట తిన్నవాళ్ళు ఎవరు? తన భర్తనీ కొడుకునీ కాల్పించిన గాలిఫే లాంటివాళ్ళే! దుర్మార్గులు. అయినా వాళ్ళు పోయారని ఆవిడకి దుఃఖం. ఎందుకంటే తన వంటలో ఉన్నది ఏమిటో తెలుసుకునే శిక్షణ వాళ్ళకే ఉంది. ఈ మాట చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎంత కటువైన నిజం! ఆకలి తీరినవాళ్ళు వందమంది దొరుకుతారు. సీసా చూడకుండా 1860 అని చెప్పగలిగిన నాలుక ఒక్కటైనా బల్లదగ్గర ఉండాలని ఆవిడకి ఆశ.

నవలలు రాసుకునేదాన్ని కనక ఈ ఆశ నాకు కొంచెం తెలుసు. ఆడవాళ్ళు రాసిన సీరియల్‌ని ఏమంటారు? "బావుందమ్మా, మంచి కాలక్షేపం" అంటారు. నిమ్మసోడా! అలా అని తాగినవాళ్ళ మీద నాకు చిన్నచూపు లేదు. నేలమీంచి కాస్త పైకి లేచినట్టు వాళ్ళకి ఉంటే అది సీసా గొప్పతనమే. వాళ్ళే లేకపోతే పత్రిక నడవదు, నా పొయ్యీ వెలగదు. కానీ వెయ్యి ఉత్తరాల్లో ఒక్కటి వస్తుంది చూడండి, ఎక్కడో చిన్న ఊళ్ళోంచి, ఫలానా అధ్యాయంలో ఆ అత్తగారు గుమ్మం దగ్గర ఎందుకు ఆగిందో నాకు తెలుసు అని! ఆ ఉత్తరం రాసినావిడే మా జనరల్. డినెసెన్ కూడా ఈ కథని పంపింది ఆడవాళ్ళ పత్రికకే. వంటలపేజీ పక్కన అచ్చయిందనుకుని దీన్ని నిమ్మసోడాలా తాగేసినవాళ్ళు ఎందరో, తుళ్ళిపడి గ్లాసు వంక చూసినవాళ్ళు ఎందరో!

ఇంత మెచ్చుకున్నాక కూడా ఈ కథ మీద నాకొక ఫిర్యాదు మిగిలింది. పింగాణీ పళ్ళెంలో కౌజు పిట్టలు వచ్చేసరికి జనరల్‌కి కఫే ఆంగ్లే గుర్తొస్తుంది. అక్కడి వంట ఒక ఆడమనిషిదని విన్నది కూడా గుర్తొస్తుంది. ఆ మాట బల్లదగ్గర అందరికీ చెబుతాడు. లేచి గొప్ప ఉపన్యాసం ఇస్తాడు. మార్టిన్ చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్ళూ ప్రతిరోజూ నీతోనే ఉన్నాను అని చెప్పి, మంచులో బండెక్కి వెళ్ళిపోతాడు. వంటింట్లో మసిగిన్నెల మధ్య, కూరలు తరిగే దిమ్మ మీద కూలబడి ఉంది బాబెట్. రెండు గదుల దూరం. ఎవరు వండారమ్మా అని ఒక్కమాట అడగలేదు, మహానుభావుడు. సీసా చూడకుండా ఏడు చెప్పాడు గానీ!